షాల్మెట్ యుద్ధభూమికి వెళ్తున్నారా? తరచుగా అడిగే ప్రశ్నలు

న్యూ ఆర్లియన్స్ ట్రిప్ అనగానే మనవాళ్లు ఫ్రెంచ్ క్వార్టర్, బెన్యేలు, స్టీమర్ ప్రయాణం అని లిస్ట్ రాసుకుంటారు. షాల్మెట్ ఆ లిస్ట్‌లో చివర ఉంటుంది, లేదా అసలు ఉండదు. నా ఉద్దేశంలో అది ముందు ఉండాల్సిన చోటు. మా ఇంటికొచ్చే చుట్టాలు, హ్యూస్టన్ నుంచి కారేసుకుని వెళ్లే స్నేహితులు పదేపదే అడిగే ప్రశ్నలకి ఇక్కడ జవాబులు రాస్తున్నాను.

ఇంతకీ అక్కడ ఏ యుద్ధం జరిగింది?

న్యూ ఆర్లియన్స్ యుద్ధం. తేదీ 1815 జనవరి 8, ఆదివారం. అమెరికాకీ బ్రిటన్‌కీ మధ్య 1812లో మొదలైన యుద్ధంలో ఇదే చివరి పెద్ద పోరు. అమెరికా వైపు నాయకుడు ఆండ్రూ జాక్సన్, బ్రిటిష్ వైపు సర్ ఎడ్వర్డ్ పాకెన్‌హామ్. ఈ పాకెన్‌హామ్ డ్యూక్ ఆఫ్ వెల్లింగ్టన్‌కి స్వయానా బావమరిది. నెపోలియన్ సైన్యాల మీద స్పెయిన్‌లో గెలిచి వచ్చిన రెజిమెంట్లు ఆయన చేతికింద ఉన్నాయి.

పోరు జరిగింది ఊళ్లో కాదు, ఊరికి దిగువన మిసిసిపీ ఒడ్డున ఉన్న షాల్మెట్ కుటుంబం చెరకు తోటలో. ఇప్పుడది జాన్ లఫీట్ నేషనల్ హిస్టారికల్ పార్క్‌లో ఒక భాగం. ప్రభుత్వ పార్కుగా 1939లో ఏర్పడింది, 1978లో జాన్ లఫీట్ పార్కులో కలిసింది.

ఎలా వెళ్లాలి? టికెట్ ఎంత?

టికెట్ లేదు, ప్రవేశం ఉచితం. ఫ్రెంచ్ క్వార్టర్ నుంచి ఆరు మైళ్లు ఉంటుంది. సెయింట్ క్లాడ్ అవెన్యూ మీదుగా వెళ్తే అదే రోడ్డు ముందుకెళ్లి సెయింట్ బెర్నార్డ్ హైవే అవుతుంది. దారిలో ఇండస్ట్రియల్ కెనాల్ మీద పైకి లేచే వంతెన ఉంది. ఓడ వస్తే వంతెన లేస్తుంది, మీరు కార్లో కూర్చుని ఎదురుచూడాలి. పార్క్ మూసే వేళకి అరగంట ముందు బయలుదేరి టెన్షన్ పడకండి, కాస్త ముందే వెళ్లండి. గేటు తెరిచే రోజులు, వేళలు మారుతుంటాయి కాబట్టి నేషనల్ పార్క్ సర్వీస్ సైట్‌లో ఆ వారం వివరాలు చూసుకున్నాకే కదలండి.

రెండో దారి నది. ఊళ్లోంచి క్రియోల్ క్వీన్ అనే చక్రాల పడవ యుద్ధభూమి దాకా వచ్చి ఆగుతుంది. ప్రయాణం బాగుంటుంది, నది వైపు నుంచి ఆ నేలని చూడటం వేరే అనుభవం. కానీ పడవలో వస్తే నేల మీద దొరికే సమయం తక్కువ. చరిత్ర మీద ఆసక్తితో వెళ్లేవాళ్లయితే నేను కారే చెప్తాను.

ఎంతసేపు పెట్టుకోవాలి?

లోపల ఒకటిన్నర మైళ్ల రోడ్డు చుట్టూ తిరిగి వస్తుంది. కార్లో కూర్చుని తిరిగితే పావుగంటలో అయిపోతుంది. చాలామంది అదే చేసి, "పెద్దగా ఏం లేదు, గడ్డి మైదానం" అని వెళ్లిపోతారు. రెండున్నర, మూడు గంటలు పెట్టుకుని నడవండి. విజిటర్ సెంటర్లో ముందు అరగంట గడిపితే ఆ గడ్డిలో ఏం చూడాలో తెలుస్తుంది.

ఏ కాలంలో వెళ్లాలి?

నవంబర్ నుంచి మార్చి దాకా హాయిగా ఉంటుంది. జనవరి 8 దగ్గర్లో ఏటా వార్షికోత్సవం చేస్తారు. ఆనాటి దుస్తుల్లో సైనికులు, ఫిరంగుల పేల్పులు, వంటలు అన్నీ ఉంటాయి. వేసవిలో ఉక్కపోత మన కోస్తా వైపు మే నెలలాగే ఉంటుంది, మైదానంలో నీడ కూడా తక్కువ. జూన్ నుంచి నవంబర్ దాకా తుపానుల కాలం కాబట్టి వాతావరణ హెచ్చరికలు చూసుకోవాలి.

ఏ కాలమైనా ఒక జాగ్రత్త. గడ్డిలో ఎర్రచీమల పుట్టలు ఉంటాయి, ఫైర్ యాంట్స్. కుడితే రెండ్రోజులు మంట. చెప్పులు కాకుండా బూట్లు వేసుకోండి, పిల్లల్ని గడ్డిలో కూలబడనివ్వకండి.

అంత పెద్ద యుద్ధం చెరకు తోటలో ఎందుకు జరిగింది?

నాకు చాలా ఇష్టమైన ప్రశ్న ఇది, ఎందుకంటే దీనికి జవాబు నేలలోనే ఉంది.

మిసిసిపీ వేల ఏళ్లుగా ఒండ్రు తెచ్చి తన గట్టు పక్కనే ఎక్కువగా పోస్తూ వచ్చింది. అందుకే ఇక్కడ నది దగ్గర నేల ఎత్తు, దూరం జరిగేకొద్దీ పల్లం, ఆ వెనక సైప్రస్ చెట్ల చిత్తడి అడవి. తోటలన్నీ నది ఒడ్డున మొదలై వెనక అడవి దాకా సన్నగా, పొడుగ్గా రిబ్బన్లలా పరుచుకుని ఉండేవి. ప్రతి యజమానికీ నది కావాలి, ఎత్తు నేల కావాలి, వంటచెరుకుకీ కలపకీ అడవి కావాలి. బ్రిటిష్ సైన్యం బోర్న్ సరస్సు నుంచి బియెన్వెనూ పాయ వెంట చిన్న పడవల్లో వచ్చి, 1814 డిసెంబర్ 23న విలెరే తోటలో తేలింది. అక్కణ్నుంచి న్యూ ఆర్లియన్స్‌కి వెళ్లడానికి ఉన్న పొడినేల ఈ తోటల వరస ఒక్కటే. ఎడమ పక్క నది, కుడి పక్క అడవి. మధ్యలో అర మైలు పైచిలుకు వెడల్పున్న పొలం.

కోనసీమ నుంచి వచ్చిన మా పెదనాన్న కరకట్ట ఎక్కి రెండు వైపులా చూసి, "ఈ సందులోంచి సైన్యాన్ని నడిపించినవాడికి వేరే దారే లేదురా" అన్నారు. చరిత్ర పుస్తకం చదవకుండా, నేల చూసి చెప్పిన మాట అది. జాక్సన్ చేసింది కూడా ఆ సందుని మూసెయ్యడమే. షాల్మెట్ తోటకీ మకార్టీ తోటకీ మధ్య రోడ్రిగెజ్ కాలువ అని ఒక పాత కాలువ ఉండేది. ఒకప్పుడు మిల్లు తిప్పడానికి తవ్వి, తర్వాత వదిలేసినది. దాన్ని వెడల్పు చేయించి, ఆ మట్టిని ఊరి వైపు కట్టగా పోయించాడు. మకార్టీ ఇంట్లో తను మకాం పెట్టాడు. ఫిరంగులకి అడ్డం రాకూడదని షాల్మెట్ తోట కట్టడాల్ని అమెరికన్లే తగలబెట్టారు. ఆ తోట యజమాని ఇన్యాస్ ద లీనో ద షాల్మెట్ కొన్ని వారాలకే, ఆ ఫిబ్రవరిలో చనిపోయాడు.

జనవరి 8న ఏం జరిగింది?

ఆ రోజుకి ముందే మూడు పోరాటాలు అయ్యాయి. డిసెంబర్ 23 రాత్రి బ్రిటిష్ వాళ్ల విడిది మీద జాక్సన్ చీకట్లో పడ్డాడు. 28న వాళ్లు కట్ట బలం చూద్దామని ముందుకొచ్చి వెనక్కి తగ్గారు. జనవరి 1న రెండు వైపులా ఫిరంగులతో కొట్టుకున్నారు. ఆ రోజు బ్రిటిష్ వాళ్లు తమ ఫిరంగుల ముందు అడ్డుగా తోటల్లో దొరికిన పంచదార పీపాలు పేర్చారు. అవి గుళ్లని ఆపలేదు.

8వ తేదీ తెల్లవారుజామున దట్టమైన పొగమంచు. ఆ మంచు చాటున కట్ట దాకా చేరాలన్నది పథకం. రాకెట్ ఒకటి పైకి లేచి దాడికి సంకేతం ఇచ్చింది. కానీ అప్పటికే ఆలస్యమైంది, మంచు విడిపోసాగింది. కాలువ పూడ్చడానికి చెరకు గడల మోపులు, కట్ట ఎక్కడానికి నిచ్చెనలు మోయాల్సిన 44వ రెజిమెంట్ వాటిని సమయానికి తేలేదు. మీరు కాలువ అంచున నిలబడి చూస్తే ఈ ఒక్క విషయం ఎంత ఘోరమో అర్థమవుతుంది. కాలువ ఇప్పుడు లోతులేని గుంటలా ఉంది, గట్టిగా దూకితే దాటేయొచ్చు అనిపిస్తుంది. కానీ ఆనాడు అందులో నీళ్లు, అవతలి ఒడ్డు నుంచి నిట్టనిలువుగా లేచిన జారుడు బురద కట్ట, దాని మీద వరసగా తుపాకులు, ఎనిమిది చోట్ల ఫిరంగులు. నిచ్చెన లేనివాడు అక్కడ ఏం చెయ్యగలడు?

అడవి పక్క నుంచి జనరల్ గిబ్స్ దళం, నది పక్క నుంచి జనరల్ కీన్ దళం వచ్చాయి. 93వ హైలాండర్స్ రెజిమెంట్ నది వైపు నుంచి గిబ్స్‌కి సాయంగా పొలానికి అడ్డంగా ఏటవాలుగా నడిచింది. అంటే ఆ పొడుగునా గుళ్లకి ఎదురుగా నడవడమే. నది ఒడ్డున కల్నల్ రెన్నీ కొద్దిమందితో కట్ట ముందున్న చిన్న బురుజు పట్టుకున్నాడు, అక్కడే చనిపోయాడు. చెదిరిన సైనికుల్ని కూడగట్టబోయి పాకెన్‌హామ్ ప్రాణం పోగొట్టుకున్నాడు. గిబ్స్‌ది కూడా చావుదెబ్బే, కీన్ గాయపడ్డాడు. మిగిలిన జనరల్ లాంబర్ట్ దాడి ఆపేశాడు. అసలు దాడి రెండు గంటలు కూడా సాగలేదు.

బ్రిటిష్ వైపు చనిపోయినవాళ్లు, గాయపడ్డవాళ్లు, పట్టుబడ్డవాళ్లు కలిపి 2,000 మంది దాకా. అమెరికన్ల వైపు ఆ రోజు చనిపోయినవాళ్లు 13 మంది అని లెక్క. నదికి అవతలి ఒడ్డున మాత్రం బ్రిటిష్ వాళ్లే గెలిచారు. కల్నల్ థార్న్‌టన్ అక్కడి అమెరికన్లని తరిమేశాడు. అయితే అది అక్కరకి రానంత ఆలస్యంగా జరిగింది. జనవరి 18 రాత్రి బ్రిటిష్ సైన్యం చడీచప్పుడు లేకుండా వెనుదిరిగింది. పాకెన్‌హామ్ శరీరాన్ని రమ్ పీపాలో పెట్టి ఇంటికి పంపారు. మామూలు సైనికుల్ని ఆ పొలాల్లోనే పూడ్చారు.

శాంతి ఒప్పందం అయ్యాక జరిగిన యుద్ధం కదా, అనవసరంగా చచ్చిపోయారా?

సగం నిజం. గెంట్ ఒప్పందం మీద 1814 డిసెంబర్ 24న సంతకాలు అయ్యాయి. ఆ కబురు సముద్రం దాటి రావడానికి వారాలు పడుతుంది. కానీ రెండు ప్రభుత్వాలూ ఆమోదించేదాకా యుద్ధం ఆగదని ఆ ఒప్పందంలోనే రాసుకున్నారు. అమెరికా సెనెట్ ఆమోదించింది 1815 ఫిబ్రవరి 16న. కాబట్టి జనవరి 8న రెండు దేశాలూ చట్టప్రకారం యుద్ధంలోనే ఉన్నాయి. ఆ మనుషుల చావుని "పోస్టు ఆలస్యం" అని తేల్చేయడం నాకు నచ్చదు.

పత్తి బేళ్ల వెనక దాక్కుని కాల్చారంటారు, నిజమేనా?

బొమ్మల్లో అలాగే గీశారు. నిజానికి ఫిరంగుల దగ్గర కొన్ని బేళ్లు వాడారు, జనవరి 1న వాటికి నిప్పంటుకుని పొగ చుట్టేయడంతో తీసిపారేశారు. కాపాడింది బురద. మెత్తటి ఒండ్రుమట్టి ఫిరంగి గుండుని మింగేస్తుంది.

ఆ కట్ట ఎవరు కట్టారు?

విజిటర్ సెంటర్లో ఈ ప్రశ్న గట్టిగా అడగండి, రేంజర్లు ఓపిగ్గా చెప్తారు. ఎక్కువ భాగం చుట్టుపక్కల తోటల్లో బానిసలుగా ఉన్న ఆఫ్రికన్ సంతతి మనుషులు కట్టారు. యజమానులు వాళ్లని పలుగూ పారలతో సహా సైన్యానికి అప్పగించారు. డిసెంబర్ చలిలో, రెండు మూడు అడుగులు తవ్వగానే నీళ్లు ఊరే నేలలో, రేయింబవళ్లు తవ్వించారు. దగ్గర మట్టి బురదైపోతే దూరం నుంచి తెచ్చి పోయాలి.

ఆ మనుషులు అక్కడ ఎందుకు ఉన్నారో కూడా చెప్పుకోవాలి. 1795లో ఎటియెన్ ద బోరే అనే తోట యజమాని న్యూ ఆర్లియన్స్ ఎగువన చెరకు రసాన్ని గట్టి పంచదారగా మార్చి వ్యాపారం చేసి చూపించాడు. దాంతో ఈ ఒడ్డంతా చెరకు తోటలయ్యాయి. చెరకు పని చాలా కఠినం. నరికిన గడ పాడవకుండా వెంటనే గానుగ ఆడాలి, మంచు పడేలోపు పంట అంతా రావాలి. గానుగ సీజన్లో పగలూ రాత్రీ తేడా లేకుండా మరిగే బానల దగ్గర పని. యుద్ధానికి నాలుగేళ్ల ముందు, 1811 జనవరిలో, ఎగువన ఉన్న జర్మన్ కోస్ట్ తోటల్లో బానిసలు తిరగబడి ఊరి వైపు నడిచారు. అమెరికా చరిత్రలో అదే అతిపెద్ద బానిస తిరుగుబాటు. దాన్ని రక్తంలో ముంచి అణిచారు. యుద్ధం నాటికి తోట యజమానులకి బ్రిటిష్ వాళ్లంటే ఎంత భయమో, తమ తోటల్లోని మనుషులంటే కూడా అంత భయం.

బ్రిటిష్ సైన్యం దిగగానే చాలామంది బానిసలు పారిపోయి వాళ్ల విడిదికి చేరుకున్నారు. సైన్యం వెళ్లిపోయేటప్పుడు వాళ్లతో పాటు ఓడలెక్కారు. మా మనుషుల్ని మాకు ఇచ్చేయండని యజమానులు వెంటబడితే, బలవంతంగా అప్పగించడానికి లాంబర్ట్ ఒప్పుకోలేదు. ఆ యుద్ధం మొత్తంలో ఇలా బ్రిటిష్ వాళ్లతో వెళ్లిపోయినవాళ్ల విషయంలో రెండు దేశాలూ ఏళ్లతరబడి వాదించుకున్నాయి. చివరికి 1826లో బ్రిటన్ 12,04,960 డాలర్ల పరిహారానికి ఒప్పుకుంది. ఆ డబ్బు యజమానులకి. తవ్వినవాళ్లకి, వెట్టి చేసినవాళ్లకి ఎవరూ ఏమీ ఇవ్వలేదు.

ఇప్పుడు మీరు చూసే కట్ట అసలుది కాదు, ఉన్నచోటే తిరిగి పోసినది. నది వైపు చివరి భాగాన్ని మిసిసిపీ కోసుకుపోయింది. అయినా ఆ కట్ట పొడుగునా నది నుంచి అడవి వైపు ఒకసారి నడవండి. ఫిరంగుల దగ్గర ఫొటోలు తర్వాత తీసుకోవచ్చు. ఈ మట్టి ఎన్ని బుట్టల్లో, ఎవరి నెత్తిన మోయించి ఉంటారో నడుస్తుంటే తడుతుంది.

జాక్సన్ వైపు పోరాడినవాళ్లు ఎవరు?

రకరకాల మనుషులు. టెనెసీ, కెంటకీ నుంచి వచ్చిన మిలీషియా, ప్రభుత్వ సైనికులు, ఊళ్లోని ఫ్రెంచ్ మాట్లాడే యువకులు, బరటేరియా దొంగసరుకుల ముఠా నాయకుడు జాన్ లఫీట్ మనుషులు. ఫిరంగులు కాల్చడంలో లఫీట్ అనుచరుడు డొమినిక్ యూ ఆరితేరినవాడు. స్వేచ్ఛ ఉన్న నల్లవాళ్ల బెటాలియన్లు రెండు ఉన్నాయి. అందులో ఒకటి సాన్ డొమింగ్ నుంచి, అంటే ఇప్పటి హైతీ నుంచి, వచ్చినవాళ్లది. వాళ్లలో జోసెఫ్ సవరీ అనే అధికారి పేరు గుర్తుపెట్టుకోండి. తెల్ల సైనికులతో సమానంగా 124 డాలర్లు, 160 ఎకరాలు ఇస్తామని జాక్సన్ వాళ్లకి ముందే ప్రకటించాడు. 7వ పదాతి దళంలో డప్పు కొట్టిన జోర్డన్ నోబుల్ బానిసగా ఉన్న కుర్రాడు, అప్పటికి పద్నాలుగేళ్ల వాడు. పొగలో నాయకుడి కేక వినపడనప్పుడు సైనికులకి దారి చూపేది ఆ డప్పు మోతే.

చాక్టా తెగవాళ్లు అడవి అంచున కాపలా కాశారు. పదిహేనేళ్ల తర్వాత, 1830లో, అదే జాక్సన్ అమెరికా అధ్యక్షుడిగా మూలవాసుల్ని నేలల నుంచి వెళ్లగొట్టే చట్టం మీద సంతకం పెట్టాడు. ఆ చట్టం కింద మొదట కదలాల్సి వచ్చినవాళ్లు చాక్టాలే. జాక్సన్ విగ్రహం ముందు నిలబడినప్పుడు నాకు ముందు గుర్తొచ్చేది ఇదే.

బ్రిటిష్ వైపు కూడా నల్ల సైనికులున్నారు, 1వ, 5వ వెస్టిండియా రెజిమెంట్లు. వెచ్చని దీవుల నుంచి వచ్చి లూయిజియానా చలికి నానా అవస్థా పడ్డారు.

నది పక్కన స్తంభాలున్న తెల్ల ఇల్లు తోట యజమాని బంగ్లానా?

అందరూ అలాగే అనుకుంటారు. కాదు. అది మాలస్-బోరెగార్డ్ ఇల్లు, యుద్ధం అయ్యాక 1830లలో కట్టింది. తోట బంగ్లా కాదు, ఊళ్లో డబ్బున్నవాళ్లు గాలి మార్పు కోసం వచ్చి ఉండే ఇల్లు. చివరి సొంతదారు అంతర్యుద్ధంలో (1860లలో అమెరికా ఉత్తరాది, దక్షిణాది రాష్ట్రాల మధ్య జరిగిన యుద్ధం) దక్షిణాది జనరల్ అయిన బోరెగార్డ్ కొడుకు, జడ్జి రెనే బోరెగార్డ్. ఫొటోలకి బాగుంటుంది, తప్పు లేదు. కాకపోతే పిల్లలకి "యుద్ధం ఇక్కణ్నుంచి చూశారు" అని మాత్రం చెప్పకండి.

ఆ ఎత్తైన స్తూపం ఎక్కొచ్చా?

నూరడుగుల పాలరాతి స్తూపం అది. పని 1855లో మొదలుపెట్టి, మధ్యలో డబ్బుల్లేక, అంతర్యుద్ధం వచ్చి, చివరికి 1908లో పూర్తిచేశారు. లోపల మెలికల మెట్లున్నాయి. ఆ రోజు తెరుస్తారో లేదో సెంటర్లో అడగండి. మోకాళ్ల నొప్పులున్నవాళ్లు కింద నుంచి చూస్తే చాలు.

మైదానం మధ్యలో ఒక ఊరు ఉండేదంటారు, అదేంటి?

ఫాజెండ్‌విల్. ఈ పేజీ రాయడానికి సగం కారణం ఈ ఊరే.

అంతర్యుద్ధం ముగిసి బానిసత్వం పోయాక, జాన్ పియర్ ఫాజెండ్ అనే స్వేచ్ఛ ఉన్న నల్లజాతి వ్యాపారి యుద్ధభూమిలో తనకున్న సన్నని నేలచెక్కని ప్లాట్లు వేసి, కొత్తగా స్వేచ్ఛ పొందినవాళ్లకి అమ్మాడు. అది 1870 ప్రాంతం. ఒకే వీధి, దాని వెంట ఇళ్లు, ఒక చర్చి, ఒక చిన్న బడి, దుకాణాలు. నిన్నటిదాకా తమని పనిచేయించిన నేల మీద వాళ్లు సొంత ఇళ్లు కట్టుకున్నారు. తొంభై ఏళ్లకి పైగా ఆ వీధిలో తరాలు పుట్టాయి, పెరిగాయి.

1965లో యుద్ధానికి 150 ఏళ్లు నిండుతాయి కాబట్టి మైదానాన్ని 1815 నాటి రూపంలోకి తేవాలనుకున్నారు. ఊరు అడ్డమైంది. ప్రభుత్వం ఇళ్లు స్వాధీనం చేసుకుని 1964లో కూలగొట్టింది. ఎక్కువమంది దగ్గర్లోని లోయర్ నైన్త్ వార్డ్‌కి వెళ్లి స్థిరపడ్డారు. 1965 సెప్టెంబర్‌లో బెట్సీ తుపాను ఆ వార్డునే ముంచింది. 2005లో కత్రినా మళ్లీ ముంచింది. వాళ్లు తమతో తీసుకెళ్లిన చర్చి పేరు బ్యాటిల్‌ గ్రౌండ్ బాప్టిస్ట్ చర్చి. ఊరు పోయినా ఆ పేరు వదల్లేదు.

ఒక యుద్ధాన్ని గుర్తుంచుకోవడం కోసం బతికున్న ఊరిని చెరిపేయడం తప్పు. ఈ విషయంలో నాకు రెండో అభిప్రాయం లేదు. పార్క్ ఇప్పుడు ఆ ఊరి కథని దాచకుండా చెప్తోంది, అది మంచి మార్పు. సెంటర్లో అడిగితే వీధి ఎక్కడుండేదో చూపిస్తారు. అక్కడికి నడిచి వెళ్లండి. గడ్డి తప్ప ఏమీ కనపడదు కాబట్టి ఆ కథ తెలుసుకున్నాకే వెళ్లండి.

పక్కనున్న సమాధులు ఆ యుద్ధంలో చనిపోయినవాళ్లవేనా?

కావు. షాల్మెట్ నేషనల్ సెమెటరీని 1864లో అంతర్యుద్ధంలో చనిపోయిన ఉత్తరాది సైనికుల కోసం మొదలుపెట్టారు. ఇప్పుడు 15,000 దాకా సమాధిరాళ్లు ఉన్నాయి. వేలమందికి పేరు లేదు, అంకె మాత్రమే చెక్కిన చిన్న దిమ్మ ఉంది. నల్ల సైనికుల దళాల వాళ్ల రాళ్ల మీద యూ.ఎస్.సీ.టీ. (యునైటెడ్ స్టేట్స్ కలర్డ్ ట్రూప్స్) అన్న అక్షరాలు కనపడతాయి. తమని బానిసలుగా ఉంచిన రాజ్యం మీద తుపాకీ పట్టినవాళ్లు వాళ్లు. 1812 యుద్ధంలో పనిచేసినవాళ్లు ఇక్కడ నలుగురే ఉన్నారు, అందులో న్యూ ఆర్లియన్స్ పోరులో పాల్గొన్నవాడు ఒక్కడే. పొడవాటి సన్న స్థలం, గోడల మధ్య పాత తోట చెక్క ఆకారంలోనే ఉంటుంది. నెమ్మదిగా నడవండి, రాళ్ల మీద కూర్చోవద్దు.

చుట్టూ ఫ్యాక్టరీలే కదా, పాడైపోలేదా?

పొగగొట్టాలు, చమురు శుద్ధి కర్మాగారం, ఓడల రేవు కనపడతాయి. నది ఒడ్డంటే ఇక్కడ అదే. ఎగువన అరాబీలో 1909 నుంచి నడుస్తున్న పెద్ద పంచదార రిఫైనరీ కూడా ఉంది. చెరకు కోసం మొదలైన ఒడ్డు మీద ఇప్పటికీ పంచదార తయారవుతోంది. ఇవన్నీ ఫ్రేములో రాకుండా ఫొటో తీయాలని తంటాలు పడకండి, రానివ్వండి.

పిల్లలకి బోర్ కొడుతుందా?

జూనియర్ రేంజర్ పుస్తకం అడిగి తీసుకోండి. ప్రశ్నలు పూర్తిచేస్తే ప్రమాణం చేయించి బ్యాడ్జి ఇస్తారు. పదేళ్లు దాటిన పిల్లలకి కట్ట తవ్వినవాళ్ల సంగతి, ఫాజెండ్‌విల్ సంగతి దాచకుండా చెప్పండి. పిల్లలు అన్యాయాన్ని మనకంటే త్వరగా పట్టుకుంటారు. ఫిరంగుల మీదకి మాత్రం ఎక్కనివ్వకండి.

ఇండియా నుంచి వచ్చిన అమ్మానాన్నలు నడవగలరా?

నేలంతా సమంగా ఉంటుంది. కారుని ఒక్కో స్టాప్ దగ్గర ఆపుకుంటూ వెళ్లొచ్చు. విజిటర్ సెంటర్లో బాత్‌రూమ్‌లున్నాయి. గొడుగు, నీళ్లు, దోమల మందు దగ్గర పెట్టుకోండి. కరకట్ట ఎక్కి నది చూపించండి. ఊరికంటే నది ఎత్తున పారుతున్నట్టు కనపడే ఆ దృశ్యం మన డెల్టా వాళ్లకి వెంటనే తెలుస్తుంది.

తిండి సంగతేంటి?

లోపల హోటళ్లు లేవు. శాకాహారులకి చుట్టుపక్కల పెద్దగా దొరకదు, ఇది రొయ్యలూ చేపల ప్రాంతం. రెడ్ బీన్స్ అండ్ రైస్ చూసి రాజ్మా అన్నం అనుకుని ఆర్డర్ చేస్తుంటారు మనవాళ్లు. మామూలుగా దాన్ని సాసేజో, పంది మాంసమో వేసి వండుతారు. అడగకుండా తినకండి. పులిహోర కట్టుకెళ్తే నిశ్చింత.

చేయకూడనివి ఏమిటి?

డ్రోన్ ఎగరేయకూడదు. మెటల్ డిటెక్టర్ తేకూడదు. నేలలో తుపాకీ గుండో, పాత బొత్తామో కనపడినా తీయకూడదు, ఫెడరల్ చట్టం ప్రకారం నేరం. రేంజర్‌కి చెప్పండి.

మన చరిత్రకి దీనితో సంబంధం ఏమైనా ఉందా?

ఒకటి నేరుగా ఉంది. ఇక్కడ బ్రిటిష్ వాళ్లు వాడిన కాంగ్రీవ్ రాకెట్లకి మూలం మైసూరు. హైదరలీ, టిప్పు సుల్తాన్ సైన్యాల ఇనుప గొట్టాల రాకెట్ల దెబ్బ తిన్న బ్రిటిష్ వాళ్లు, 1799లో శ్రీరంగపట్నం పడ్డాక వాటిని ఇంగ్లండ్‌కి తీసుకెళ్లారు. వాటిని చూసే విలియమ్ కాంగ్రీవ్ సొంత రాకెట్లు తయారుచేశాడు. శ్రీరంగపట్నం ముట్టడిలో హైదరాబాద్ నిజాం సైన్యం బ్రిటిష్ పక్షాన ఉంది, దాని వెంట పంపిన దళానికి అధికారి ఆర్థర్ వెల్లెస్లీ. ఆ తర్వాత డ్యూక్ ఆఫ్ వెల్లింగ్టన్ అయింది ఆయనే, అంటే పాకెన్‌హామ్ బావగారు. షాల్మెట్‌లో ఆ రాకెట్లు చప్పుడు బాగా చేశాయి, నష్టం పెద్దగా చెయ్యలేదు.

రెండోది చెరకు. బ్రిటన్ తన వలసల్లో బానిసత్వం రద్దు చేశాక, చెరకు తోటల్లో పనికి మన జిల్లాల నుంచి మనుషుల్ని ఒప్పంద కూలీలుగా ఓడలెక్కించారు. కోరంగి, విశాఖ వైపు నుంచి మారిషస్‌కి, తర్వాత దక్షిణాఫ్రికాలోని నటాల్‌కి వెళ్లిన తెలుగువాళ్ల వారసులు ఇప్పటికీ అక్కడున్నారు. ఒప్పంద కూలీ, బానిసత్వం ఒకటి కావు. కూలీకి కాగితం మీద గడువు ఉండేది, బానిసకి తన బిడ్డ కూడా తనది కాదు. కానీ పంచదార రుచి మరిగిన ప్రపంచం ఎవరి ఒళ్లు గుల్ల చేసిందో తెలుసుకోవడానికి, మారిషస్ కథ విన్నవాళ్లు షాల్మెట్ కూడా చూడాలి.

ఒకరోజు అదనంగా ఉంటే ఇంకేం చూడాలి?

అదే రోజు అయితే హైవే మీద ఇంకాస్త దిగువకి వెళ్లండి. రోడ్డు మధ్యలో డివైడర్ మీద ద లా రోండ్ ఇంటి ఇటుక శిథిలాలు కనపడతాయి. డిసెంబర్ 23 రాత్రి పోరు ఆ చుట్టుపక్కలే జరిగింది. తిరిగి ఊళ్లోకి వచ్చాక జాక్సన్ స్క్వేర్ పక్కనున్న కబిల్డో మ్యూజియంకి వెళ్లొచ్చు.

రెండో రోజు ఉంటే విట్నీ ప్లాంటేషన్‌కి వెళ్లండి. ఊరికి ఎగువన, కారులో గంట దూరం. 2014లో తెరిచారు. మిగతా ప్లాంటేషన్ టూర్లలో ఝూమర్లు, డైనింగ్ టేబుళ్లు చూపిస్తారు. ఇక్కడ మొత్తం కథ బానిసలుగా బతికినవాళ్ల వైపు నుంచే ఉంటుంది, వాళ్ల పేర్లు రాతి గోడల మీద చెక్కి ఉంటాయి. పెళ్లి ఫొటోలకి అందంగా ఉన్న వేరే బంగ్లాకి వెళ్దామని ఇంట్లోవాళ్లు అంటే, నా ఓటు విట్నీకే. టికెట్ ముందే ఆన్‌లైన్లో తీసుకోండి.